బిడ్డను పోలీసులు తీసుకెళ్లారా? విశాఖ తల్లిదండ్రులకు మొదటి గంట నుంచి చివరి ఆర్డరు దాకా

రాత్రి పదకొండు దాటాక వచ్చే ఫోన్లలో అవతలివారు అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "మా వాడిని వదిలేస్తారా సార్?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: "వాడి పదో తరగతి మెమో ఇంట్లో ఉందా?" గాజువాక వైపు నుంచి ఫోన్ చేసిన ఒక తల్లికి ఆ ప్రశ్న వినగానే కోపం వచ్చింది. పిల్లవాడిని స్టేషన్‌లో కూర్చోబెట్టారని తను ఏడుస్తుంటే ఈయనకు మార్కుల గొడవ ఏమిటని. ముప్పావు గంట వెతికాక ట్రంకుపెట్టె అడుగున, రేషన్ కార్డు కవరులో, నాలుగు మడతలు పెట్టి ఉన్న మెమో దొరికింది. దాని ప్రకారం అబ్బాయికి పదిహేడేళ్ల తొమ్మిది నెలలు. మర్నాడు వాడు పెద్దవాళ్ల కోర్టుకు వెళ్లలేదు. పిల్లల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళ్లి, సాయంత్రానికి తల్లితో ఇంటికి వచ్చాడు.

పద్దెనిమిది నిండని పిల్లలకు మన చట్టం ఇచ్చిన రక్షణలు చిన్నవి కావు. నేను చూసినంతలో వాటిని కుటుంబాలు పోగొట్టుకునేది బోర్డు ముందు కాదు. అంతకు ముందే, స్టేషన్ వరండాలో, భయం వల్లా తొందర వల్లా పోతాయి. అందుకే ఈ వ్యాసంలో మొదటి ఇరవై నాలుగు గంటలకు ఎక్కువ చోటిచ్చాను.

ఈ చట్టం ఎవరికి?

ఇప్పుడు నడుస్తున్నది 2015 నాటి బాల న్యాయ చట్టం. 2016 జనవరి 15న అమల్లోకి వచ్చింది. 2021లో చేసిన సవరణలు 2022 సెప్టెంబరు 1 నుంచి అమలవుతున్నాయి. దీని కింద కేంద్రం 2016లో నమూనా నియమాలు కూడా ఇచ్చింది. పోలీసులు ఎలా నడుచుకోవాలన్న వివరాలు ఎక్కువగా ఆ నియమాల్లోనే ఉంటాయి.

పద్దెనిమిదేళ్లు నిండని ప్రతివారూ ఈ చట్టం దృష్టిలో బాలలే. లెక్కలోకి వచ్చేది ఘటన జరిగిన రోజు ఉన్న వయసు. పట్టుకున్న రోజు వయసుతో పని లేదు. ఫిబ్రవరిలో గొడవ జరిగింది, పిల్లవాడికి మే నెలలో పద్దెనిమిది నిండాయి, జులైలో పోలీసులు వచ్చారనుకుందాం. అప్పటికీ ఆ కేసు వెళ్లాల్సింది జువైనల్ బోర్డుకే. ఈ మాటను సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2005లోనే తేల్చింది. "ఇప్పుడు మేజరే కదా" అని ఎవరైనా అంటే తల ఊపకండి.

మాటల విషయం కూడా చెప్పాలి. అరెస్టు, నిందితుడు, ఛార్జిషీటు, వారెంటు, ఖైదీ వంటి పదాలను పిల్లల కేసుల్లో వాడకూడదని చట్టమే అంటుంది. కాగితాల్లో "చట్టంతో ఘర్షణలో ఉన్న బాలుడు" అని రాస్తారు. నోరు తిరగని మాటే. కానీ మీ అబ్బాయి కాగితాల మీద ఆ మాట కాకుండా "నిందితుడు" అని కనిపిస్తే, కేసు పట్టాలు తప్పి పెద్దవాళ్ల దారిలో పోతోందని అనుమానించాలి.

మొదటి అడుగు: ఇంటి నుంచి బయలుదేరే ముందు

చేతికి అందిన కాగితాలన్నీ ఒక కవరులో పెట్టుకోండి. పదో తరగతి మెమో, లేకపోతే బడి ఇచ్చిన టీసీ లేదా స్టడీ సర్టిఫికెట్, కార్పొరేషన్ జనన ధ్రువపత్రం. అసలు కాగితాలు ఇంట్లోనే ఉంచండి. జిరాక్సులు నాలుగు జతలు తీయించండి. అర్ధరాత్రి జిరాక్సు షాపు ఎక్కడుంటుందంటారా? ఫోన్‌తో ఫొటోలు తీసి, బంధువుల్లో ఇద్దరికి పంపి ఉంచండి. స్టేషన్‌లో మీ ఫోన్ పక్కన పెట్టమన్నా ఆ ఫొటోలు ఇంకొకరి దగ్గర ఉంటాయి.

తర్వాత రెండు నంబర్లు. న్యాయ సేవాధికార సంస్థ సహాయ నంబరు 15100. పిల్లల సహాయ నంబరు 1098. కొట్టారని, లాకప్పులో పెట్టారని తెలిస్తే 1098కి చెప్పి, ఏ సమయంలో చెప్పారో ఒక కాగితం మీద రాసుకోండి. ఇలా సమయాలు రాసి పెట్టుకోవడం మొదట్లో చాదస్తంలా ఉంటుంది. ఇరవై నాలుగు గంటల లెక్క తేల్చాల్సి వచ్చినప్పుడు ఆ చాదస్తమే పనికొస్తుంది.

రెండో అడుగు: స్టేషన్‌లో

ప్రతి పోలీసు స్టేషన్‌లోనూ కనీసం ఒక బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి. ఏఎస్ఐ స్థాయికి తగ్గకూడదు. వెళ్లగానే ఎస్సైతో వాదన పెట్టుకోకుండా, "బాలల సంక్షేమ అధికారి ఎవరండీ, వారితో మాట్లాడాలి" అని అడగండి. ఆ ఒక్క మాటతో మీకు చట్టం తెలుసన్న సంగతి గొంతు పెంచకుండానే అవతలివారికి అర్థమవుతుంది.

ఆ తర్వాత కళ్లతో చూసుకోవాల్సినవి. పిల్లవాడిని లాకప్పులో పెట్టకూడదు, జైలుకు పంపకూడదు. ఏ పరిస్థితిలోనూ అని చట్టం రాసింది, మినహాయింపు లేదు. బేడీలు, గొలుసులు వేయకూడదు. పిల్లలతో వ్యవహరించే అధికారి యూనిఫాంలో కాకుండా మామూలు బట్టల్లో ఉండాలి. ఏ ఆరోపణ మీద తీసుకొచ్చారో పిల్లవాడికీ మీకూ చెప్పాలి. ఎఫ్‌ఐఆర్ కట్టి ఉంటే కాపీ ఇవ్వాలి. అబ్బాయితో మాట్లాడేటప్పుడు తల్లిదండ్రులు పక్కన ఉండవచ్చు. ఒప్పుకోమని బలవంతం చేయకూడదు.

సంతకం గురించి విడిగా చెబుతాను, ఎక్కువ నష్టం అక్కడే జరుగుతుంది. నమూనా నియమాల ప్రకారం పిల్లవాడిని ఏ వాంగ్మూలం మీదా సంతకం చేయమనకూడదు. "ఇక్కడ ఒక సంతకం పెట్టించండమ్మా, పంపించేస్తాం" అన్న మాట విని తల్లులే పిల్లల చేతికి పెన్ను ఇవ్వడం చూశాను. ఖాళీ కాగితం మీద పెట్టించిన సందర్భమూ ఉంది. పిల్లవాడు ఏ కాగితం మీదా సంతకం చేయనక్కర లేదు. మీరు చేయాల్సి వస్తే, అది పిల్లవాడిని మీకు అప్పగిస్తున్నట్టు, పిలిచినప్పుడు తీసుకొస్తామన్నట్టు ఉన్న హామీపత్రం అయితేనే చేయండి. చదివి, తేదీ, సమయం మీ చేత్తో వేసి, ఫొటో తీసుకోండి.

చాలామందికి తెలియనిది ఇంకొకటి. పిల్లవాడు చేశాడన్నది ఘోర నేరం (ఏవి ఘోర నేరాలో ఆరో అడుగులో ఉంది) అయితేనో, పెద్దవాళ్లతో కలిసి చేశాడని అంటేనో తప్ప, నమూనా నియమాల ప్రకారం ఎఫ్‌ఐఆర్ కట్టకూడదు. జనరల్ డైరీలో రాసి, పిల్లవాడి కుటుంబ పరిస్థితులపై ఒక నివేదిక జోడించి బోర్డుకు పంపాలి. అదుపులోకి తీసుకోవడం కూడా మామూలుగా ఘోర నేరాల్లోనే. మిగతా వాటిలో పిల్లవాడి మేలు కోసం అవసరమైతే తప్ప తీసుకెళ్లకూడదు. బోర్డు ముందుకు ఎప్పుడు రావాలో తల్లిదండ్రులకు చెబితే చాలు. బీచ్ రోడ్డులో సెల్‌ఫోన్ పోయిన కేసుకు పిల్లవాడిని రెండు రోజులు స్టేషన్‌లో కూర్చోబెట్టే అధికారం ఎవరికీ లేదు.

అదుపులోకి తీసుకున్నాక ఇరవై నాలుగు గంటల్లో, ప్రయాణ సమయం మినహాయించి, బోర్డు ముందు ఉంచాలి. ఆదివారం, పండగ అన్న సాకు చెల్లదు. బోర్డు కూర్చోని రోజు సభ్యుల్లో ఏ ఒక్కరి ముందైనా హాజరుపరచవచ్చు. రాత్రి ఉంచాల్సి వస్తే ఉంచాల్సింది, కేసు తేలేదాకా పిల్లల కోసం నడిపే అబ్జర్వేషన్ హోమ్‌లో.

మూడో అడుగు: వయసు నిరూపించడం

మిగతా హక్కులన్నీ దీని మీదే నిలబడతాయి. వయసుపై సందేహం వస్తే చట్టంలోని 94వ సెక్షన్ ఒక వరుస చెబుతుంది. మొదట బడి ఇచ్చిన పుట్టినతేదీ ధ్రువపత్రం లేదా పదో తరగతి ధ్రువపత్రం. అవి లేకపోతే కార్పొరేషన్, మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఆ రెండూ లేనప్పుడే వైద్య పరీక్ష, అంటే ఎముకల ఎక్స్‌రేలతో వయసు అంచనా వేయడం. ఆర్డరు ఇచ్చిన పదిహేను రోజుల్లో ఆ పరీక్ష పూర్తి కావాలి.

ఆధార్ ఈ వరుసలో లేదు. చేతిలో ఎప్పుడూ ఉండేది అదే కాబట్టి అందరూ దాన్నే ముందు తీసి ఇస్తారు. వేరే సందర్భంలో, ఒక ప్రమాద పరిహారం కేసులో, పుట్టినతేదీకి ఆధార్ రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పింది. ఆధార్‌లో తేదీ మెమోకు సరిపోతే పేచీ లేదు. నమోదు కేంద్రంలో జనవరి 1 అని వేసేసిన కార్డులు మన ఇళ్లలో తక్కువేమీ కాదు. అలాంటిది మీ చేత్తో మీరే ఇస్తే, తర్వాత దాన్ని కాదనడానికి తంటాలు పడాలి.

ఇక మన ఇళ్లలో జరిగే అసలు చిక్కు. బడిలో వేసేటప్పుడు పిల్లవాడికి ఐదేళ్లు నిండలేదని, ఏడాది వృథా అవుతుందని, ఆరేడు నెలలు పెంచి రాయించడం. అప్పట్లో అది చిన్న సర్దుబాటు. అదే తేదీ పదో తరగతి మెమోలోకి ఎక్కుతుంది. పదమూడేళ్ల తర్వాత జనన ధ్రువపత్రం ప్రకారం పదిహేడున్నర, మెమో ప్రకారం పద్దెనిమిది దాటి ఒక నెల. చట్టం బడి కాగితాన్ని ముందు చూస్తుంది. ఆ తేదీ తప్పని చూపించాలంటే పుట్టిన ఆసుపత్రి రికార్డు, టీకాల కార్డు, అంగన్‌వాడీ రిజిస్టరు, అన్నదమ్ముల పుట్టినతేదీలు, ఏది దొరికితే అది పోగుచేయాలి. గెలవచ్చు, సులువు కాదు. కేజీహెచ్‌లో పుట్టిన పిల్లలైతే డిశ్చార్జి కాగితం దాచి ఉందేమో అమ్మమ్మగారింట్లో కూడా అడగండి. కాన్పు అక్కడే కాబట్టి కాగితాలు చాలాసార్లు అక్కడే ఉండిపోతాయి.

బడికే వెళ్లని పిల్లలకు, పుట్టుక నమోదు కాని ఏజెన్సీ పిల్లలకు చివరికి మిగిలేది ఎక్స్‌రే పరీక్ష. అది నెలలూ రోజులూ చెప్పదు. ఏడాదో రెండేళ్లో అటూ ఇటూ అంచనా ఇస్తుంది. ఆ అంచనా పదిహేడు, పంతొమ్మిది మధ్య వచ్చినప్పుడు సందేహ లాభం పిల్లవాడికే ఇవ్వమని మీ న్యాయవాది గట్టిగా అడగాలి.

నాలుగో అడుగు: న్యాయవాది

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం పిల్లలకు న్యాయ సహాయం ఉచితం. తండ్రి ఆదాయం ఎంతని అడగకూడదు. కార్లున్నవాళ్ల పిల్లలకైనా అంతే. విశాఖలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక అర్జీ రాసి, పిల్లవాడి పేరు, స్టేషన్, తీసుకెళ్లిన తేదీ, సమయం చెబితే సరిపోతుంది. అసలు పోలీసులే ఆ సంస్థకు కబురు చేయాలి. చేశారా అని అడగండి, చేయకపోతే మీరే చేయండి.

సొంత న్యాయవాదిని పెట్టుకుంటే ఒక్క ప్రశ్న వేయండి: "మీరు జువైనల్ బోర్డులో కేసులు చేస్తుంటారా?" పెద్దవాళ్ల క్రిమినల్ కోర్టులో పులిలాంటి లాయర్లు కూడా ఇక్కడ తడబడతారు. సాక్షిని నలిపేయడం ఇక్కడ పెద్దగా పనికిరాదు. పిల్లవాడి ఇంటి పరిస్థితులు విచారించి బోర్డుకు చెప్పే ప్రొబేషన్ అధికారి నివేదిక చదవడం తెలియాలి. ఫీజు ఎక్కువ తీసుకున్నంత మాత్రాన అది రాదు.

ఐదో అడుగు: బోర్డు ముందు మొదటి రోజు

జువైనల్ జస్టిస్ బోర్డులో ముగ్గురుంటారు. కనీసం మూడేళ్ల అనుభవం ఉన్న ప్రిన్సిపల్ మేజిస్ట్రేటు ఒకరు, సామాజిక కార్యకర్తలు ఇద్దరు, వారిలో ఒకరైనా మహిళ. సినిమాలో చూసే కోర్టు ఊహించుకుని పిల్లవాడిని భయపెట్టకండి. ఎత్తైన వేదిక ఉండకూడదు, బోను ఉండకూడదు. సాధ్యమైనంత వరకు అబ్జర్వేషన్ హోమ్ ఆవరణలోనో దగ్గరలోనో కూర్చోవాలి, మామూలు కోర్టు ప్రాంగణంలో కాదు.

ముందు రోజు రాత్రి పిల్లవాడికి మూడు మాటలు చెప్పండి. అడిగింది అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పవచ్చు. ఎవరైనా కొట్టి ఉంటే ఇక్కడే చెప్పాలి. తెలియనిది తెలియదనాలి. ఈ రెండోదాన్ని తల్లిదండ్రులు ఆపేస్తుంటారు, పోలీసులతో పగ ఎందుకని. వీపు మీద వాతలు రెండు రోజుల్లో మాసిపోతాయి. ఆ రోజే చెబితే బోర్డు వైద్య పరీక్షకు పంపగలదు. తెలుగు రాని పిల్లలకు, కొండల్లో కువి మాట్లాడే పిల్లలకు, ఒడియా పిల్లలకు దుబాసీని అడిగే హక్కు ఉంది.

ఇక బెయిలు. బెయిలబుల్, నాన్‌బెయిలబుల్ అన్న తేడా ఇక్కడ లేదు. 12వ సెక్షన్ ప్రకారం పిల్లవాడిని వదిలేయడమే మామూలు పద్ధతి. పూచీకత్తుతోనో, అది లేకుండానో, ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలోనో. కాదనడానికి మూడే కారణాలు. బయటికెళ్తే తెలిసిన నేరస్తులతో కలుస్తాడని, శారీరక, మానసిక లేదా నైతిక ప్రమాదం ఉందని, వదిలితే న్యాయానికే భంగం కలుగుతుందని నమ్మడానికి ఆధారం ఉండాలి. ఆ కారణాలు రాతలో పెట్టాలి. ఈ మూడింటిలో నేరం ఎంత పెద్దదన్న మాట లేదని గమనించండి. వేరే ఏ చట్టంలో ఏమున్నా సరే అని ఆ సెక్షన్ అంటుంది, గంజాయి కేసుల్లో బెయిలు వాదన అక్కడి నుంచే ఎత్తుకోవాలి.

బెయిలు రావడానికి బోర్డు చూసేది ఒకటే: ఈ పిల్లవాడు వెళ్లే ఇల్లు ఎలాంటిది, ఎవరు చూసుకుంటారు? ఆ సమాధానం కాగితం రూపంలో తీసుకెళ్లండి. హెడ్మాస్టరు ఉత్తరం, కాలేజీ హాజరు, అద్దె ఒప్పందం. ఆ స్నేహితులకు దూరంగా పెట్టాలనుకుంటే శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉన్న మేనమామ వచ్చి, నా దగ్గర ఉంచుకుంటానని బోర్డు ముందు నిలబడితే అది వంద వాదనల పెట్టు. ఆస్తి కాగితాలతో జామీను ఇచ్చే మనిషి దొరకలేదా? షరతులు తీర్చలేక ఏడు రోజులు గడిస్తే, వాటిని మార్చడానికి పిల్లవాడిని మళ్లీ బోర్డు ముందుకు తేవాలని చట్టం చెబుతోంది. ఆ ఏడో రోజును క్యాలెండరులో గుండ్రంగా చుట్టి ఉంచండి.

ఆరో అడుగు: కేసు ఏ గదిలో పడిందో తెలుసుకోవడం

పిల్లల కేసులను చట్టం మూడు రకాలు చేసింది. గరిష్ఠ శిక్ష మూడేళ్ల వరకు ఉన్నవి చిన్న నేరాలు. కనీస శిక్ష ఏడేళ్లో అంతకంటే ఎక్కువో ఉన్నవి ఘోర నేరాలు. మధ్యలోవి తీవ్ర నేరాలు. గరిష్ఠ శిక్ష ఏడేళ్లు దాటినా కనీస శిక్ష అంత లేకపోతే అదీ తీవ్ర నేరమే. ఈ చివరి ముక్కను సుప్రీంకోర్టు 2020 జనవరిలో తేల్చింది, 2021 సవరణ చట్టంలోనే చేర్చింది.

పొడిగా ఉంది కదా. మన దగ్గర తరచూ తగిలే గంజాయి కేసుతో చూద్దాం. ఏజెన్సీ నుంచి కిందికి సరుకు దింపడానికి పెద్దవాళ్లు పిల్లల చేతికి బ్యాగు ఇచ్చి బస్సెక్కిస్తారు. ఆ బ్యాగులో కిలో లోపు ఉంటే గరిష్ఠ శిక్ష ఏడాది, కాబట్టి చిన్న నేరం. కిలో దాటి ఇరవై కిలోల లోపు ఉంటే పదేళ్ల వరకు శిక్ష ఉన్నా కనీస శిక్ష లేదు, కాబట్టి తీవ్ర నేరం. ఇరవై కిలోలు దాటితే కనీసం పదేళ్లు, ఘోర నేరం. అంటే పంచనామాలో రాసిన బరువు ఆ పిల్లవాడి భవిష్యత్తును ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తోస్తుంది. నలుగురి దగ్గర దొరికినదంతా కలిపి ఒకే లెక్క రాశారా, పిల్లవాడి చేతిలో ఉన్నది విడిగా తూచారా అన్నది మీ న్యాయవాది మొదట చూడాల్సిన సంగతి. ఆ బ్యాగు ఇచ్చిన పెద్దమనిషి మాటేమిటి? పిల్లల చేత మత్తు పదార్థాలు మోయించినవారికి బాల న్యాయ చట్టం 78వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. ఆ మనిషి పేరు పిల్లవాడు చెప్పగలిగితే, న్యాయవాది ద్వారా బోర్డుకు తెలియజేయడం గురించి ఆలోచించండి.

సెల్‌ఫోన్ దొంగతనం, మెడలో గొలుసు లాగడం కొత్త న్యాయ సంహితలోని మామూలు సెక్షన్ల కింద మూడేళ్ల లోపు శిక్ష ఉన్నవి, చిన్న నేరాలు. చిన్న నేరాల విచారణ నాలుగు నెలల్లో, పొడిగిస్తే మరో రెండు నెలల్లో పూర్తి కాకపోతే కేసు అక్కడితో ముగిసిపోతుంది. వాయిదాల మీద వాయిదాలు పడుతున్న కుటుంబాల్లో ఈ సంగతి తెలిసినవారు నాకు ఇద్దరో ముగ్గురో కనబడ్డారు.

ప్రేమ వ్యవహారాలు ఇంకో రకం. పదిహేడేళ్ల అబ్బాయి, పదహారేళ్ల అమ్మాయి ఇంట్లోంచి వెళ్లిపోతారు, అమ్మాయి తండ్రి ఫిర్యాదు ఇస్తాడు. పద్దెనిమిది నిండని అమ్మాయి ఇష్టపడినా పోక్సో చట్టం దాన్ని సమ్మతిగా తీసుకోదు. శారీరక సంబంధం ఉందన్న ఆరోపణ వస్తే, ఆ లైంగిక దాడి సెక్షన్ కింద కనీస శిక్ష పదేళ్లు, కాబట్టి కేసు నేరుగా ఘోర నేరాల గదిలోకి పోతుంది. "పెళ్లి చేసేస్తే సరిపోతుంది" అని పెద్దమనుషులు కూర్చుంటారు. ఇద్దరికీ పెళ్లి వయసు రాలేదు, ఆ పెళ్లి ఇంకో కేసు.

బండి ఇచ్చిన తండ్రులకు చిన్న మాట. లైసెన్సు లేని మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే, మోటారు వాహనాల చట్టం 199ఏ కింద బాధ్యత తల్లిదండ్రులది లేదా యజమానిది. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

ఏడో అడుగు: పదహారు దాటి, ఘోర నేరం అయితే

పదహారు నిండని పిల్లలు ఏ నేరంలో ఉన్నా వారి విషయం బోర్డే తేలుస్తుంది. పదహారు నుంచి పద్దెనిమిది మధ్యవారిపై ఘోర నేరం ఆరోపణ ఉంటే, పెద్దవాడిలా విచారించాలా వద్దా అని బోర్డు ప్రాథమిక మదింపు చేస్తుంది. ఆ పని చేసే శారీరక, మానసిక సామర్థ్యం ఉందా, పర్యవసానం అర్థం చేసుకోగలడా, ఏ పరిస్థితుల్లో జరిగింది అని చూస్తుంది. నేరం చేశాడా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. చేశానని పిల్లవాడి నోట చెప్పించే చోటు కూడా కాదు.

బోర్డులో బాలల మనస్తత్వ నిపుణులు లేకపోతే బయటి నిపుణుల సాయం తీసుకుని తీరాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. మానసిక నిపుణుడు ఒక పావుగంట మాట్లాడి తెలివితేటల మార్కు ఒకటి వేసి పంపితే, మీ న్యాయవాది అభ్యంతరం రాతలో పెట్టాలి. ఆ నివేదిక కాపీ, ప్రొబేషన్ అధికారి ఇచ్చే సామాజిక విచారణ నివేదిక కాపీ ముందే అడిగి తీసుకోండి. మూడు నెలల్లో మదింపు పూర్తి కావాలని చట్టంలో ఉంది. అయితే ఆ గడువు దాటితే అంతా చెల్లదని అనుకోకండి, అది కచ్చితమైన గడువు కాదని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది.

మదింపు తర్వాత కేసు బోర్డుకు పైనున్న బాలల న్యాయస్థానానికి వెళ్తే కథ ముగిసినట్టు కాదు. పెద్దవాడిలా విచారించాల్సిన అవసరం ఉందా అని ఆ కోర్టు మళ్లీ తనంతట తాను తేల్చాలి. శిక్ష పడినా ఇరవై ఒకటి నిండేదాకా జైలుకు పంపరు, సురక్షిత స్థలం అనే వేరే చోట ఉంచుతారు. మరణశిక్ష ఉండదు, విడుదలకు వీల్లేని యావజ్జీవం ఉండదు.

ఎనిమిదో అడుగు: ప్రొబేషన్ అధికారి ఇంటికి వచ్చినప్పుడు

రెండు వారాల్లో ఈయనో ఈమెనో మీ గడప తొక్కుతారు. ఆ వేళకు ఇల్లు కడిగి, పిల్లవాడికి కొత్త చొక్కా వేసి, ఎదురింటి వాళ్లకు చెప్పవలసిన మాటలు నేర్పించి పెట్టిన కుటుంబం ఒకటి నాకు గుర్తు. అధికారి లోపల కాఫీ తాగి, వీధి చివర కిళ్లీ కొట్టు దగ్గర ఆగి పది నిమిషాలు మాట్లాడారు. తండ్రి తాగుడు, రాత్రుళ్లు గొడవలు, పిల్లవాడు మేడ మీద పడుకోవడం, అన్నీ అక్కడ తెలిశాయి. నివేదికలో కుటుంబం నిజం దాచిందన్న వాక్యం కూడా చేరింది.

ఉన్నది చెప్పండి. తండ్రి తాగుతాడని చెబుతూ, పిల్లవాడిని సాయంత్రం ఆరు నుంచి పిన్ని ఇంట్లో ఉంచుతున్నామని, మళ్లీ కాలేజీలో చేర్పించామని రుజువు చూపిస్తే ఆ నివేదిక మీ పక్షాన నిలబడుతుంది. చివరి ఆర్డరు చాలావరకు దీని మీదే ఆధారపడుతుంది.

తొమ్మిదో అడుగు: ఆర్డరు

తప్పు చేశాడని తేలినా బోర్డు చేతిలో ఉన్నవి ఇవి: మందలించి పంపడం, కౌన్సెలింగు, సమాజ సేవ, తల్లిదండ్రులతో జరిమానా కట్టించడం, మంచి నడవడికపై తల్లిదండ్రుల దగ్గర ఉంచడం, లేదా ప్రత్యేక గృహానికి పంపడం. గరిష్ఠంగా మూడేళ్లు. చదువు, వృత్తి శిక్షణ, వ్యసన విముక్తి వంటి షరతులు జోడించవచ్చు. ఏది ఇచ్చినా ఆర్డరు ధ్రువీకరించిన కాపీ తీసుకోండి.

ఆర్డరు నచ్చకపోతే ముప్పై రోజుల్లో బాలల న్యాయస్థానానికి అప్పీలు వేయాలి. బెయిలు నిరాకరణకూ ఇదే దారి. ఆ పైన హైకోర్టు ఉంది.

కేసు ముగిశాక

పిల్లవాడి పేరు, ఫొటో, బడి, చిరునామా పత్రికల్లో గానీ యూట్యూబ్ ఛానళ్లలో గానీ వాట్సాప్ గ్రూపుల్లో గానీ రాకూడదు. 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. వస్తే స్క్రీన్‌షాట్ తీసి, లింకు రాసుకుని, బోర్డుకే అర్జీ పెట్టండి. ముఖం మసక చేసి, పక్కన నిలబడ్డ తల్లిని మాత్రం స్పష్టంగా చూపించినా గుర్తింపు బయటపడినట్టే.

ఉద్యోగాల సంగతి మన ఊళ్లో ప్రతి తల్లీ అడుగుతుంది. నేవీ, కోస్ట్ గార్డ్, పోర్టు, స్టీలు ప్లాంటు, అన్నింటికీ పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది. బోర్డు తేల్చిన కేసు వల్ల ఏ అనర్హతా రాదని 24వ సెక్షన్ చెబుతుంది. ముగిసిన కేసు రికార్డును నడవడిక ధ్రువపత్రం కోసం పోలీసులు బయటపెట్టకూడదు. మైనరుగా ఉన్నప్పటి కేసు చూపి సీఐఎస్ఎఫ్ ఉద్యోగం నిరాకరించిన వ్యవహారంలో 2019లో సుప్రీంకోర్టు అభ్యర్థి పక్షాన నిలిచింది. పదహారు దాటి బాలల న్యాయస్థానంలో దోషిగా తేలినవారికి మాత్రం ఈ రక్షణ వర్తించదు. అప్పీలు గడువు ముగిశాక రికార్డులు నాశనం చేయమని బోర్డుకు అర్జీ పెట్టుకోండి. తనంతట తానుగా జరుగుతుందని ఊరుకోవద్దు.

ఇప్పటికే జైలుకు పంపేసి ఉంటే

వయసు ఎవరూ అడగక, లేదా పందొమ్మిదని రాసేసి, అడవివరం సెంట్రల్ జైలుకు పంపిన పిల్లలుంటారు. ఆలస్యమైందని వదిలేయకండి. ఘటన నాటికి మైనరునన్న వాదన ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, చివరి తీర్పు తర్వాత కూడా లేవనెత్తవచ్చు. 1994లో 14 ఏళ్ల వయసులో జరిగిన నేరానికి మరణశిక్ష పడి, అది తర్వాత యావజ్జీవంగా మారి, సుమారు 25 ఏళ్లు లోపల గడిపిన ఒక వ్యక్తిని సుప్రీంకోర్టు 2025 జనవరిలో ఈ కారణం మీదే విడుదల చేసింది. మెమో జిరాక్సు, బడి నుంచి అడ్మిషన్ రిజిస్టరు నకలు జతచేసి, ఇప్పుడు కేసు ఉన్న కోర్టులో అర్జీ వేయించండి. లాయరు లేకపోతే జైలు సూపరింటెండెంటు ద్వారా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఉత్తరం పంపమని ములాఖత్‌లో పిల్లవాడికి చెప్పండి. ఆ ఉత్తరంలో పుట్టినతేదీ, చదివిన బడి పేరు, పదో తరగతి పాసైన సంవత్సరం ఉండాలి. మిగతాది వాళ్లు తెప్పించుకోగలరు.